స్త్రీలను కాదు, సేవను లెక్కపెట్టండి

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం ఒకప్పుడు కళింగ గంగరాజుల రాజధాని. అక్కడి గుడి గోడల మీద, స్తంభాల మీద వందల ఏళ్ల నాటి శాసనాలున్నాయి. వాటిలో చాలావరకు దానాల లెక్కలే. దేవుడి ముందు అఖండదీపం వెలగడానికి ఎవరు ఏమిచ్చారో రాతి మీద చెక్కి, గుడికొచ్చే వాళ్లందరి కళ్లెదుట పెట్టారు. దీపానికి లెక్క దొరికింది. ఆ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఇవాళ ఒక స్త్రీ నెలల తరబడి నిద్రపట్టక, అన్నం సయించక, బతకాలనిపించక కూర్చుని ఉంటే ఆమెకు ఏం సాయం అందిందో చెప్పే లెక్క మాత్రం ఏ గోడ మీదా లేదు.

ఆమె ఎక్కడెక్కడికి తిరుగుతుందో మనకు తెలియనిది కాదు. ముందు నీరసమంటుంది, తలనొప్పంటుంది, గుండెదడంటుంది. ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి నరాల బలహీనత అంటాడు. అత్తవారు గాలి సోకిందంటారు. తాయెత్తు కట్టిస్తారు, విబూది పెట్టిస్తారు, మొక్కులు మొక్కుతారు. అప్పటికీ కుదుటపడకపోతే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి బస్సెక్కిస్తారు. అక్కడా కాదంటే మరో నూరు కిలోమీటర్లు దాటి విశాఖపట్నం మానసిక వైద్యశాలకు. జనం నోట్లో దాని పేరు ఇప్పటికీ పిచ్చాసుపత్రే. ఈ దారి పొడవునా ఆమె డబ్బు ఖర్చవుతుంది, కూలి పోతుంది, మాట పడుతుంది. తిరిగొచ్చాక మందులు ఎక్కడ దొరుకుతాయో ఎవరూ చెప్పరు. మందులు ఆగిపోతాయి, జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు అందరూ కలిసి అనే మాట ఒకటే: ‘దానికి నయం కాదు.’

నయం కానిది ఆమె జబ్బా, మన సేవల వ్యవస్థా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే లెక్క కావాలి.

లెక్కపెట్టడం చేతకాని ప్రభుత్వం కాదు మనది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటలను ఊడ్చిపెట్టింది. వంశధార పొంగి పొలాలు ముంచింది. ఆ తరవాత అధికారులు కూలిన కొబ్బరిచెట్లను చెట్టు చెట్టుగా లెక్కరాసి, చెట్టుకింత అని పరిహారం కట్టారు. ఆ డబ్బు సరిపోయిందా అన్నది వేరే చర్చ. చెట్టుకంటూ ఒక లెక్క దొరికింది. ఒక్క రాత్రిలో తోట పోయిన ఇంట్లో అప్పులవాళ్లకు జవాబు చెబుతూ, తాగి పడిపోయే మగమనిషిని లేవనెత్తుతూ, పిల్లలకు వండిపెడుతూ లోలోపల కుంగిపోయిన స్త్రీకి మాత్రం నష్టం అంచనా వేసే ఫారంలో గడి లేదు.

అదే ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి చూడండి. ఏళ్లపాటు ‘నీళ్ల దోషం, తలరాత’ అని వదిలేసిన జబ్బు అది. రక్తపరీక్షలు జరిగి, ఏ మండలంలో ఎందరున్నారో అంకెలు బయటికొచ్చి, వాటిని పట్టుకుని జనం నిలదీశాక డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి, పెన్షన్లు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఒక్క అంకెలతోనే ఇదంతా రాలేదు. కానీ అంకెలు లేకపోతే అడిగేవాళ్ల చేతిలో ఏమీ ఉండేది కాదు.

మనసు బాధకు అలాంటి అంకెలు ఉండవనుకుంటాం. ఉన్నాయి. ఎవరు అడిగారు, ఎవరి ముందు అడిగారు, ఏ గడిలో రాశారు అన్నదాన్ని బట్టి అవి నిజం చెబుతాయి, లేదా నిజాన్ని కప్పేస్తాయి.

2011 జనాభా లెక్కల్లో మొదటిసారి మానసిక వ్యాధిని బుద్ధిమాంద్యం నుంచి విడదీసి, వైకల్యాల కింద అడిగారు. దేశమంతటికీ తేలింది సుమారు 7 లక్షల 22 వేల మంది. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేల్చింది. ఈ రెండు లెక్కలూ ఒకే సంగతిని కొలవలేదు. మొదటిది వైకల్యం అడిగింది, రెండోది బాధ అడిగింది. అయినా తేడా అంతటితో ఆగదు. జనాభా లెక్కల మనిషి వాకిట్లో నిలబడి ఇంటి పెద్దను అడుగుతాడు. పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇంట్లో ‘మా ఇంట్లో మానసిక రోగి ఉంది’ అని ఎవరు చెబుతారు? సర్వే వాళ్లు మనిషిని విడిగా కూర్చోబెట్టి, ఒక్కొక్క లక్షణమే అడిగారు. అందుకే అక్కడ మాట బయటపడింది. అయితే ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

ఇక చావుల లెక్క. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో స్త్రీలు 45,026 మంది. వారిలో 23 వేలకు పైగా మందిని ‘గృహిణులు’ అనే గడిలో వేశారు. ఎవరీ గృహిణులు? వంశధార ఆయకట్టులో నాట్లు వేసే స్త్రీ, పలాసలో జీడిగింజలు కొట్టే స్త్రీ, మగవాళ్లు చెన్నైకో హైదరాబాదుకో వలసపోతే ఇల్లూ పొలమూ ఒంటిచేత్తో ఈదే స్త్రీ. పట్టా ఆమె పేరున ఉండదు కనుక రైతు అనిపించుకోదు. కూలి చీటీ ఉండదు కనుక కార్మికురాలు కాదు. బతికున్నప్పుడు పనికి లెక్క లేదు, చచ్చిపోయాక కూడా లేదు.

కారణాల గడి ఇంకా ఘోరం. ఆ ఏడాది మొత్తం ఆత్మహత్యల్లో 33.2 శాతానికి కారణం ‘కుటుంబ సమస్యలు’ అని రాశారు. దెబ్బలు, అనుమానం, తాగుడు, ఆడపిల్ల పుట్టిందన్న సాధింపు, అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. మన పేపర్లలో ‘కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య’ అన్న వార్త ఎన్నిసార్లు చదవలేదు! అంత కడుపునొప్పి పెళ్లయిన ఆడవాళ్లకే ఎందుకొస్తుందని ఎవరైనా అడిగారా? పంచనామా దగ్గర ఇరుపక్షాల పెద్దలూ రాజీపడి రాయించిన మాట పోలీసు స్టేషను దాటి, జిల్లా దాటి, ఢిల్లీలో ‘అనారోగ్యం’ అనే గడిలో అంకె అయి కూర్చుంటుంది. కారణాన్ని అక్కడ అలా రాశాక, నివారణ ఎక్కడ వెతుకుతారు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లాకొక పత్రం విడుదల చేస్తుంది. శ్రీకాకుళంలో ఎందరు స్త్రీలకు రక్తహీనత ఉందో అందులో దొరుకుతుంది. భర్త చేసే హింస గురించిన ప్రశ్నలు రాష్ట్రస్థాయి అంచనాకు సరిపడా కొద్ది ఇళ్లలోనే అడుగుతారు కాబట్టి జిల్లా పత్రంలో ఆ వరుస ఉండదు. మనసు విరిచే కారణానికే జిల్లా అంకె లేదన్నమాట.

మన గడపలోకి వచ్చే కాగితం కూడా ఒకటుంది. బీపీ, షుగరు, క్యాన్సర్లను ముందే పట్టుకోవడానికి 30 ఏళ్లు నిండినవారికి ఆశా కార్యకర్త నింపే తనిఖీ పత్రం అది. సవరించిన పత్రంలో మనసు గురించి రెండు ప్రశ్నలు చేర్చారు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా? దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? జవాబులను బట్టి మార్కులు వేసి, ఎక్కువొస్తే ఆరోగ్య కేంద్రానికి పంపాలి. చిన్న ప్రశ్నలే, కానీ విలువైనవి. అయితే పద్దెనిమిదికే పెళ్లయి, ఇరవైకల్లా తల్లై, కాన్పు తరవాత గోడవైపు తిరిగి పడుకున్న పిల్లకు ఈ పత్రంలో చోటు లేదు. దిగులు పడడానికి ఆమెకింకా పదేళ్లు వయసు చాలలేదు! చోటున్న స్త్రీ అయినా అత్త పక్కన కూర్చుని వింటుండగా ఏం చెబుతుంది?

వీటికి తోడు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నెలనెలా పంపే నివేదికలో మానసిక సమస్యలతో వచ్చిన రోగుల సంఖ్య రాయడానికి ఒక వరుస ఉంది. అంటే అంకెల కరువు లేదు. ఊళ్లో పుట్టిన అంకె మండలానికి, జిల్లాకు, రాజధానికి పోతుంది. తిరిగి ఊరికి రాదు. ఎవరి బాధ నుంచి పుట్టిందో వాళ్లకు దాని మీద హక్కు లేకుండా పోయింది.

ఇక్కడ మనలో చాలామందికి ఒక భయం కలగడం సహజం. ఇంటింటికీ వెళ్లి మానసిక బాధ ఉన్న స్త్రీల జాబితా తయారుచేస్తే, ఆ జాబితా ఎవరి చేతిలో పడుతుంది? ‘పిచ్చిది’ అన్న ఒక్క మాటతో ఆడదాన్ని పుట్టింటికి తరిమేయడం, పిల్లల్ని లాక్కోవడం, ఆస్తిలో వాటా ఎగ్గొట్టడం మనం చూస్తూనే ఉన్నాం. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక ఆధారం. ఏ మాత్రం జబ్బయినా ఆ సెక్షన్‌కు సరిపోదు, కానీ కోర్టు దాకా పోకుండానే ఊళ్లో తీర్పు జరిగిపోతుంది. ఈ భయాన్ని కొట్టిపారేసే హక్కు ఏ పరిశోధకుడికీ, ఏ అధికారికీ లేదు.

అందుకే ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. స్త్రీలను లెక్కపెట్టే పని మనం నెత్తిన వేసుకోవద్దు. ప్రభుత్వం అందిస్తానన్న సేవను లెక్కపెడదాం. పేర్లు రహస్యంగా ఉండాలి, లెక్క బహిరంగంగా ఉండాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. ఫలానా వారి కోడలికి మతి చెడిందని ఊరంతటికీ తెలుసు, ఆసుపత్రిలో మందులు ఎన్ని నెలలు లేవో ఎవరికీ తెలియదు.

సేవను లెక్కపెట్టడానికి చట్టం మనవైపే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ ప్రకారం చికిత్స పొందడం ప్రతి ఒక్కరి హక్కు. దూరాభారం లేకుండా నివాసానికి దగ్గరలో సేవలుండాలి. ప్రతి జిల్లాలో కనీస సేవలుండాలి. లేకపోతే జిల్లాలోని వేరే చోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించాలి. అత్యవసర మందుల జాబితాలోని మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి దాకా అన్ని వేళలా ఉచితంగా దొరకాలి. 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచమంటోంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, ఆమెకు ఆదరణ, చికిత్స అందించాలనీ 115వ సెక్షన్ చెబుతోంది. వీటిలో దేన్నైనా లెక్కపెట్టవచ్చు. ఏ ఒక్క స్త్రీ పేరూ అక్కర్లేదు.

ఏం లెక్కపెట్టాలి? మండలానికో ఆరు ప్రశ్నలు చాలు. ఒకటి, మనసు బాగాలేదని మొదటిసారి వచ్చినవారిలో ఎందరు రెండోసారి, మూడోసారి వచ్చారు? మొదటి రాక ప్రచారం వల్ల జరుగుతుంది, రెండో రాక మర్యాద వల్ల జరుగుతుంది. రెండు, మందులు లేని రోజులు ఏడాదిలో ఎన్ని? మూడు, మానసిక వైద్యుల బృందం వస్తామన్న రోజుల్లో నిజంగా ఎన్ని రోజులు వచ్చింది? నాలుగు, వచ్చినవారిలో స్త్రీలెందరు, పురుషులెందరు, 30 ఏళ్ల లోపువారెందరు? అయిదు, ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి చేరిన స్త్రీలలో ఎందరితో ఇంటికి పంపేముందు ఒక కౌన్సిలర్ ఒంటరిగా మాట్లాడారు? ఆరు, తలుపు వేసుకుని మాట్లాడటానికి ఆరోగ్య కేంద్రంలో ఒక గది ఉందా?

ఈ ప్రశ్నలు గాలిలోంచి పుట్టినవి కావు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో వచ్చింది. 1996లో జిల్లా కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఇన్నేళ్లలో పథకాలకు కొరత రాలేదు. పథకం పల్లెలోని స్త్రీని చేరిందా అని ఊళ్లోనే కొలిచిన సందర్భాలు తక్కువ. అలా కొలిచిన ఒక ప్రయత్నం పశ్చిమ గోదావరిలో జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అక్కడి గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. వారు ట్యాబ్‌లతో ప్రశ్నలడిగి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు. మళ్లీ ఇంటికెళ్లి వాకబు చేశారు. మానసిక జబ్బంటే సిగ్గుపడనక్కర్లేదని ఊళ్లలో ప్రచారం చేశారు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సమస్య ఉన్నట్టు తేలినవారిలో వైద్యసేవ వాడుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. ఈ అంకెను రెండువైపుల నుంచీ చదవాలి. సేవ దగ్గరకొస్తే పల్లెజనం రారన్న మాట అబద్ధమని తేలింది. అంత ప్రయత్నం చేసినా ఎనిమిది మందిలో ఏడుగురు ఆసుపత్రి మెట్లెక్కలేదనీ తేలింది. కొలవబట్టే ఈ రెండూ తెలిశాయి.

లెక్క సంపాదించే దారులున్నాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పేర్లు అడగకుండా నెలవారీ సంఖ్యలు, మందుల నిల్వ రిజిస్టరు, డాక్టర్ల పర్యటన తేదీలు అడిగితే కాదనడానికి వీల్లేదు. 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిపి దేశానికి దారిచూపింది ఆంధ్రప్రదేశే. అక్షరం రాని కూలీ స్త్రీలు సైతం మస్టరు రోలు చదివించుకుని, ‘ఆ రోజు నేను పనికే రాలేదు, నా పేరున కూలి ఎవరు తీసుకున్నారు?’ అని సభలో నిలదీశారు. ఆ ధైర్యం ఇక్కడా కావాలి, ఒక్క తేడాతో. కూలి లెక్కలో పేరు గట్టిగా చదవాలి, మనసు లెక్కలో పేరు అసలు రాకూడదు. చిన్న ఊళ్లో ఇద్దరే రోగులుంటే ‘ఇద్దరు’ అన్న అంకె కూడా పేరు చెప్పినట్టే. అలాంటిచోట ఊరి లెక్క ప్రకటించకుండా మండలం లెక్కలో కలపాలి.

ఈ భారాన్ని మళ్లీ ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల మీద రుద్దకూడదన్న మాట కూడా గట్టిగా చెప్పుకోవాలి. వాళ్లూ స్త్రీలే, వాళ్లకూ మనసుంది. ఉన్న రిజిస్టర్లకు, యాప్‌లకు తోడు ఇంకొకటి కలిపి, అంకె తక్కువొస్తే వాళ్లను తిట్టే పద్ధతి వస్తే, అంకెలన్నీ కాగితం మీద అందంగా పెరుగుతాయి, మనుషులు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉంటారు. అడగాల్సింది సేవకు బడ్జెట్టు, మందులు, మనుషులు ఇవ్వాల్సినవాళ్లను. 2022 అక్టోబర్ 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరు ఉపయోగపడేదే, ప్రతి స్త్రీకీ తెలియాల్సిందే. కానీ ఫోను భర్త జేబులో ఉన్న ఇంట్లో ఆమె ఏ వేళ చేస్తుంది? కాల్స్ ఎన్ని వచ్చాయని మాత్రమే చెబితే చాలదు, స్త్రీల కాల్స్ ఎన్నో చెప్పాలి.

చివరగా, మాత్రలతో తీరని బాధల సంగతి. స్త్రీల మానసిక ఆరోగ్యాన్ని ఆసుపత్రి గోడల మధ్యే చూడకూడదని, అది వాళ్ల బతుకు పరిస్థితులతో పెనవేసుకుని ఉందని 1999లోనే భార్గవి దావర్ భారత స్త్రీల మానసిక ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో వాదించారు. మన అనుభవమూ అదే. 1992లో దూబగుంట స్త్రీలు చదువు నేర్చుకునే చోట మొదలైన ఆలోచన సారా దుకాణాలు మూయించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. మద్యం అమ్మకాల ఆదాయం ప్రభుత్వానికి రూపాయితో సహా తెలుసు. ఆ ఆదాయం అంకె పక్కనే అదే మండలంలో గృహహింస ఫిర్యాదుల అంకె, మానసిక సేవకు వచ్చిన స్త్రీల అంకె పెట్టి చదివితే, జబ్బు ఆమె తలలో ఉందో ఆమె ఇంట్లో ఉందో ఎవరికైనా అర్థమవుతుంది. దిగులుకు మందు ఇవ్వాల్సిందే. దెబ్బకు మందు దిగులు మాత్ర కాదు, చట్టం.

అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆ రోజు ర్యాలీలు తీస్తారు, బ్యానర్లు కడతారు. ఈసారి మన సంఘాలు ప్రతి మండలంలో ఆ ఆరు ప్రశ్నలతో దరఖాస్తులు పెట్టాలి. వచ్చిన జవాబులను మండల సమావేశంలో చదవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద రంగుతో రాయించాలి: ఈ నెల మానసిక వైద్యులు వచ్చిన రోజులు ఇన్ని, మందులు లేని రోజులు ఇన్ని, తిరిగి వచ్చిన స్త్రీలు ఇంతమంది. ప్రతి నెలా చెరిపి, కొత్త అంకె రాయాలి. అంకె సున్నా అయితే సున్నా అనే రాయాలి. ఆ సున్నాకు జవాబు చెప్పాల్సింది ఎవరో దాని కిందనే హోదాతో సహా రాయాలి.